మూడోనాటికి మూగబోయే కొత్త కారు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం పైగా ఒకటే గోల: కొత్త కారు, కరెంటు తంటా. ఇంజను గురించీ గేర్ల గురించీ అడిగేవాళ్లు తగ్గిపోయారండీ. నేను పాలకొల్లులో షెడ్డు పెట్టిన కొత్తలో అంబాసిడర్ వైరింగు మొత్తం ఒక అట్టముక్క మీద గీసి గోడకి తగిలించేవాణ్ణి. ఇప్పుడు బ్రేకులకో కంప్యూటరు, స్టీరింగుకో కంప్యూటరు, తలుపులకో కంప్యూటరు. అన్నిటినీ మేపాల్సింది మాత్రం ఆ పాత 12 వోల్టుల బ్యాటరీయే. అందుకని ఈసారి జాగా అంతా కరెంటుకే ఇచ్చేస్తున్నాను. టైర్ల గురించి రాసినవాళ్లు ఒక నెల ఓపిక పట్టండి.

ప్రశ్న: మాస్టారూ, నమస్కారమండీ. మాది మలికిపురం దగ్గర పల్లెటూరు. పక్క ఊరి బళ్లో టీచరుగా చేస్తున్నాను. సంక్రాంతికి ముందు కొత్త పెట్రోలు కారు కొన్నాం. రోజూ వాడుతుంటే బాగానే ఉంటుంది. రెండో శనివారం, ఆదివారం కలిసొచ్చి శుక్రవారం సాయంత్రం పోర్టికోలో పెట్టామంటే, సోమవారం పొద్దున్న సెల్ఫు కొడితే టకటకమని చప్పుడే గానీ ఇంజను తిరగదు. డ్యాష్‌బోర్డు మీద స్టీరింగు, బ్రేకు, ఎయిర్‌బ్యాగు గుర్తులన్నీ ఒకేసారి వెలుగుతాయి. షోరూం వాళ్లు ఇప్పటికి రెండుసార్లు బ్యాటరీ మార్చారు. 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ అట. మూడోసారి వెళ్తే "మేడమ్, మీరు బండి తక్కువ తిప్పుతున్నారు, రోజూ ఓ పది కిలోమీటర్లు తిప్పండి" అన్నారు. డెలివరీ రోజునే వాళ్ల దగ్గరే డ్యాష్ కెమెరా, పెద్ద హారన్ పెట్టించాం. మా మరిది "శకునం బాలేదు, అమ్మేయండి వదినా" అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక ఉపాధ్యాయురాలు, కోనసీమ జిల్లా

జవాబు: టీచర్ గారూ, ముందు మీ మరిది గారికి కాస్త టీ ఇచ్చి కూర్చోబెట్టండి. బండిని అమ్మక్కర్లేదు. శకునం సంగతి నాకు తెలియదు గానీ, లెక్క మాత్రం మీ ఉత్తరంలోనే ఉంది.

శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటికి 60 గంటల పైమాటే. 35 ఆంపియర్ అవర్ అంటే ఒక ఆంపియరు చొప్పున సుమారు 35 గంటలు ఇచ్చే బ్యాటరీ. అందులోంచి సుమారు 25 పోతే ఇంక సెల్ఫు తిప్పే సత్తువ ఉండదు. 25ని 60తో భాగించండి, 0.4 ఆంపియర్లు వస్తుంది. అంటే మీరు తాళం వేసి లోపలికెళ్లి నిద్రపోయినా, ఆ బండిలో ఏదో ఒకటి ఆగకుండా 400 మిల్లీ ఆంపియర్ల చొప్పున తాగుతూనే ఉంది. బాగున్న కారు తాళం వేశాక లాగేది 50 మిల్లీ ఆంపియర్ల లోపే ఉండాలి. చాలా కార్లు 20, 30 దగ్గర ఆగిపోతాయి. 30 చొప్పున లాగే కారుని నెల రోజులు కదపకుండా వదిలేసినా పోయేది 22 ఆంపియర్ అవర్లు. కాబట్టి "తక్కువ తిప్పుతున్నారు" అన్న మాట నెలల తరబడి మూలన పడేసిన బండికి చెల్లుతుంది, మూడు రోజులకి చెల్లదు. తూముకి తలుపు సరిగ్గా పడక చేలో నీళ్లు జారిపోతుంటే, లాకుల దగ్గరికెళ్లి కాలవకి నీళ్లు పెంచమని అడిగినట్టుంది ఆ రెండు బ్యాటరీల మార్పిడి.

ఇంకో సంగతి. 12 వోల్టుల మీద 5 వాట్ల చిన్న బల్బు లాగే కరెంటు కూడా సరిగ్గా ఆ 0.4 ఆంపియర్లే. అందుకని నేనైతే మొట్టమొదట డిక్కీలో దీపం చూస్తాను. డిక్కీ మూత వేశాక ఆ దీపం ఆరిందో లేదో బయటనుంచి మనకి తెలియదు కదా. మీ ఫోనులో వీడియో పెట్టి డిక్కీలో ఉంచి మూత వేసి, కాసేపాగి తీసి చూసుకోండి. ఎడమ పక్క సామాన్ల అర ఉంటుందే, దాంట్లో దీపానికీ అదే పరీక్ష. పైసా ఖర్చు లేదు. అక్కడ దొరికిపోతే మిగతాది చదవకుండా పేజీ తిప్పేయొచ్చు.

దొరక్కపోతే రెండో అనుమానం ఆ డ్యాష్ కెమెరా మీద. బండి ఆపాక కూడా చుట్టుపక్కల తీస్తూ ఉండే రకమైతే, దానికి కరెంటు తాళంతో పనిలేని ఫ్యూజు నుంచి ఇచ్చి ఉంటారు. షోరూం వాళ్లే పెట్టారు కదా అని భరోసా పడకండి. చాలాచోట్ల ఆ ఫిట్టింగు చేసేది బయటినుంచి వచ్చిన కుర్రాళ్లు. సాయంత్రంలోగా అరడజను బళ్లు ముగించాలి వాళ్లకి. అసలు వైరు మీద తొక్క గీకి, దీన్ని మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి వదిలేస్తారు. కప్లరుకి కప్లరు (వైర్ల కొసల్ని కలిపే ప్లాస్టిక్ జోడు) తగిలించారా, వైరు కోశారా అన్నది పానెల్ విప్పించి చూడండి. హారన్‌కి వేరే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని వేసి ఆపే స్విచ్చు), బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉన్నాయా అన్నదీ చూడండి. రెండు వారాలు ఆ కెమెరా, హారన్ రెండూ పూర్తిగా పీకించేసి వాడి చూస్తే సందేహం తీరిపోతుంది. అవి లేకుండా కూడా బండి పడుకుందంటే షోరూం వాళ్లకి "మీరు తగిలించినవాటి వల్ల" అనే సాకు కూడా పోతుంది.

మూడోది మీకు వింతగా ఉండొచ్చు. మీ కారు జేబులో తాళం ఉంటేనే తలుపు తెరుచుకునే రకమా? అయితే ఇంటికొచ్చాక ఆ తాళం ఎక్కడ పెడతారు? మన ఇళ్లల్లో హాల్లో కిటికీ పక్కన మేకుకి తగిలిస్తాం, అవతల గోడ పక్కనే పోర్టికోలో కారుంటుంది. కొన్ని కార్లు అంత దగ్గర్లో తాళం ఉంటే "వచ్చారేమో, వచ్చారేమో" అని మాటిమాటికీ మేలుకుంటాయి. తాళాన్ని కారుకి దూరంగా పెట్టమని కొన్ని కార్ల పుస్తకాల్లోనే రాసి ఉంటుంది. ఆ పుస్తకం పూజ రోజున పసుపు బొట్టు పెట్టించుకుని సొరుగులో పడుకుని ఉంటుంది, నాకు తెలుసు. తాళాన్ని వెనక గదిలో బీరువాలో పెట్టి ఒక సెలవు చూడండి.

ఇవేవీ కాకపోతే అది అతుక్కుపోయిన రిలే కావచ్చు, నిద్రపోని కంప్యూటరు కావచ్చు. పాటలు పెట్టే తెర ఉంటుంది చూశారా, దాని సాఫ్ట్‌వేరు తేడా చేసి రాత్రంతా మేలుకుని ఉన్న బళ్లున్నాయి. అది పట్టుకోవాలంటే కొలవాలి. కొలవడం ఎలాగో మీకు చెబుతున్నాను. మిమ్మల్ని చేయమని కాదు, వాళ్లు చేశారో లేదో మీకు తెలియాలని.

బానెట్ ఎత్తి ఉంచి, తలుపు గొళ్లేన్ని స్క్రూడ్రైవరుతో నొక్కి తలుపు వేసినట్టు బండిని నమ్మించాలి. తాళాన్ని దూరంగా పంపేయాలి. ఆ తర్వాత కనీసం అరగంట, వీలైతే నలభై నిమిషాలు ఎవరూ ముట్టుకోకూడదు. బండి ఆపిన వెంటనే కంప్యూటర్లు నిద్రపోవు, ఒకటొకటిగా సర్దుకుంటాయి. తాళం తీసిన రెండో నిమిషంలో కొలిచి "మూడు ఆంపియర్లు లాగుతోంది" అని బెదరగొట్టేవాణ్ణీ నమ్మొద్దు, "అంతా బాగానే ఉంది" అనేవాణ్ణీ నమ్మొద్దు. నలభై నిమిషాల తర్వాత బ్యాటరీ నెగెటివ్ వైరు మీద డీసీ మిల్లీ ఆంపియర్లు చూపించే క్లాంపు మీటరు (వైరు చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచేది) వేయాలి. బజార్లో చవగ్గా దొరికే క్లాంపు మీటర్లు చాలావరకు ఏసీ కరెంటే చదువుతాయి, అవి దీనికి పనికిరావు. అంకె 50 దాటి ఉంటే, ఒక్కో ఫ్యూజు నెత్తిన రెండు మొనలు ఆనించి మిల్లీ వోల్టులు చూసుకుంటూ పోవాలి. ఏ ఫ్యూజు మీద వోల్టు కనబడితే ఆ దారినే కరెంటు పోతోందన్నమాట. ఫ్యూజులు ఒకటొకటి పీకి చూసే పాత పద్ధతి ఈ బళ్లకి మంచిది కాదు. పీకి పెట్టగానే పడుకున్న కంప్యూటరు లేచి కూర్చుంటుంది, లెక్క మొదటికొస్తుంది.

షోరూం వాళ్లు ఇదంతా చేయాలంటే మీరు జాబ్ కార్డు మీద రాయించే మాట మారాలి. "బ్యాటరీ డౌన్" అని రాయించకండి. అలా రాస్తే బ్యాటరీ మార్చి పంపేస్తారు. "తాళం వేసి ఉంచిన బండి 60 గంటల్లో స్టార్ట్ కావడం లేదు, నిద్రలో ఎంత కరెంటు లాగుతోందో కొలిచి ఆ అంకె రాసి ఇవ్వండి" అని రాయించండి. బండిని రాత్రికి వాళ్ల దగ్గరే వదలండి. ఆ అంకె లేకుండా మూడో బ్యాటరీ ఇస్తామంటే వద్దనండి. మొహమాటపడకండి, మీరు బళ్లో జవాబుకి లెక్క చూపించని పిల్లాడికి మార్కులు వేస్తారా?

ఆ వెలిగే గుర్తుల గురించి. సెల్ఫు కొట్టినప్పుడు బాగున్న బ్యాటరీ కూడా 10 వోల్టుల దాకా దిగుతుంది. మీది ఇంకా కిందికి పోతోంది. అంత తక్కువ వోల్టులో స్టీరింగు, బ్రేకు కంప్యూటర్లు లెక్క తప్పి తలా ఒక ఫిర్యాదు రాసుకుంటాయి. బ్యాటరీ నిండుగా ఉండగా ఆ గుర్తులు రావడం లేదంటే ఆ భాగాలు బాగున్నట్టే. స్కానరు పెట్టి ఆ ఫిర్యాదులన్నీ చెరిపి, బ్యాటరీ నింపి, మళ్లీ వస్తున్నాయేమో చూడాలి. అంతేగానీ "స్టీరింగు మోటారు పోయింది" అని విప్పడం మొదలుపెడితే ఆపండి.

ఇంకొకటి, ఇప్పుడున్న బ్యాటరీ కూడా అప్పుడే దెబ్బతిని ఉంటుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ అట్టడుగుకి పోయి అలాగే ఉండిపోతే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడిపోతుంది, మళ్లీ నింపినా మునుపటంత పట్టదు. కేబులు పెట్టి స్టార్ట్ చేసి బడి దాకా వెళ్లొస్తే అది నిండదు. విడి చార్జరుతో 3, 4 ఆంపియర్ల మీద రాత్రంతా పెట్టాలి. నింపి, తీసి, కొన్ని గంటలాగి మీటరు పెడితే 12.6 వోల్టులు చూపించాలి. 12.2 అంటే సగమే ఉన్నట్టు. ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే డైనమా పని చేస్తున్నట్టే. పెట్రోలు ఆదా కోసం చార్జింగు తగ్గించుకునే కొత్త రకం కార్లలో ఒక్కోసారి 13 లోపు కూడా చూపిస్తుంది, దానికి కంగారు పడకండి. సిగ్నల్ దగ్గర తనంతట తనే ఆగి మళ్లీ స్టార్టయ్యే బండి అయితే దాని బ్యాటరీ రకమే వేరు. మామూలుది వేసి పంపారేమో మీద రాసినది చదివి చూడండి.

రిజిస్ట్రేషన్ కార్డు మీద బండి తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. మీరు కొన్న తేదీకీ దానికీ మధ్య చాలా నెలలు ఉంటే ఆ బండి ఏదో యార్డులో ఎండకీ వానకీ నిలబడిందన్నమాట. అలాంటి బండికీ, మీలా అంతర్వేది గాలి తగిలే ఊళ్లలో తిరిగే బండికీ ఎర్తు బోల్టులు, అంటే బ్యాటరీ నెగెటివ్ వైరుని బండి ఇనుముకి బిగించేవి, చూడటం తప్పనిసరి. ఉప్పుగాలికి బోల్టు కింద పచ్చగా చిలుం పడుతుంది. సెల్ఫు కొడుతుండగా బ్యాటరీ నెగెటివ్‌కీ ఇంజను లోహానికీ మధ్య 0.3 వోల్టు మించి కనబడితే ఎర్తు విప్పి, గీకి, బిగించి, పైన వాజలైన్ రాయాలి. నర్సాపురం రేవులో పంటు (బల్లకట్టు) మీద కారు దాటించేవాళ్లు, ఒడ్డుకెక్కాక కింది భాగం మంచినీళ్లతో కడిగించుకోండి. బానెట్ లోపల మాత్రం ప్రెషర్ గన్ పెట్టనివ్వకండి. పెట్టారంటే ఆ నెల తర్వాత మళ్లీ నాకే ఉత్తరం రాస్తారు.

ప్రశ్న: బాబాయ్ గారూ, ఆకివీడు దగ్గర మాకు రొయ్యల చెరువులున్నాయండీ. చెరువుల మీద తిరగడానికి కరెంటు కారు కొన్నాను. రెండు తంటాలొచ్చాయి. ఒకరోజు పొద్దున్నే తలుపే తెరుచుకోలేదు, తెర వెలగలేదు. ముందురోజు రాత్రి చార్జింగు 80 శాతం చూపించింది. అంత పెద్ద బ్యాటరీ ఒక్క రాత్రిలో ఎలా పోతుంది? రెండోది, మా ఇంటి దగ్గర చార్జరు పెడితే ఎర్ర దీపం వెలిగి ఆగిపోతుంది. భీమవరంలో మా బావ గారింట్లో అదే చార్జరు శుభ్రంగా పనిచేస్తోంది. కంపెనీ వాళ్లు "మీ ఇంటి కరెంటు బాలేదు" అంటున్నారు. తప్పించుకుంటున్నారంటారా?
– ఒక ఆక్వా రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: రెండో విషయంలో వాళ్లు తప్పించుకోవడం లేదబ్బాయ్, నిజమే చెబుతున్నారు.

మొదటిది ముందు చూద్దాం. పెద్ద బ్యాటరీ పోలేదు, అది నిక్షేపంగా ఉంది. కరెంటు కారులో కూడా ఒక చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, ఈ సంగతి అమ్మేటప్పుడు చాలామంది చెప్పరు. తలుపు తాళాలు, తెర, కంప్యూటర్లు అన్నీ దాని మీదే. పెద్ద బ్యాటరీని మోటారుకి కలిపే స్విచ్చు మూసుకోవాలన్నా ఈ చిన్నదే కరెంటు ఇవ్వాలి. చిన్నది చచ్చిందంటే పెద్దదాంట్లో 80 ఉన్నా, 100 ఉన్నా బండి శిలావిగ్రహమే. బండి ఆన్‌లో ఉన్నప్పుడు, చార్జింగులో ఉన్నప్పుడు పెద్దదాంట్లోంచి చిన్నదానికి కరెంటు దింపుతూ ఉంటుంది. ఆపి పెట్టినప్పుడు కూడా అలా దింపే కార్లున్నాయి, దింపనివీ ఉన్నాయి. మీరు రాత్రి ఫోనులో మాటిమాటికీ యాప్ తెరిచి చార్జింగు ఎంతుందో చూస్తుంటారా? చూసిన ప్రతిసారీ బండి లేస్తుంది. పై ఉత్తరంలో టీచరు గారికి చెప్పిన కొలత మీ బండికీ వర్తిస్తుంది, ఆ చిన్న బ్యాటరీ మీద కొలిపించండి. తలుపు తీయడానికి మాత్రం రిమోటులోపల ఇనప తాళంచెవి దాగి ఉంటుంది చూడండి. ఆరెంజి రంగు వైర్ల జోలికి మాత్రం మీరూ వెళ్లొద్దు, ఊళ్లో ఎలక్ట్రీషియన్నీ వెళ్లనివ్వొద్దు. వందల వోల్టులవి.

ఇక ఎర్ర దీపం. ఆ చార్జరు మీ ఇంటి ఎర్తుని పరీక్షించి, నచ్చక ఆగిపోతోంది. మీ ఇంట్లో ఫ్యానూ టీవీ ఎర్తు లేకపోయినా తిరుగుతాయి కాబట్టి ఇన్నాళ్లూ ఆ లోపం బయటపడలేదు. ఇల్లు కట్టినప్పుడు పాతిన ఎర్తు పైపు మీ ఉప్పు నేలలో ఎప్పుడో తుప్పు తినేసి ఉంటుంది, లేదా పైన బిగించిన వైరు ఊడి ఉంటుంది. ప్లగ్గులో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య సుమారు 230 వోల్టులుండాలి, ఫేజుకీ ఎర్తుకీ మధ్య కూడా దాదాపు అంతే. న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య రెండు మూడు వోల్టులు మించితే అనుమానించాలి. కొత్త ఎర్తు గొయ్యి తీయించండి, రాగి పూత కడ్డీ వేయించండి. చార్జరుకి బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దానికో ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే పడిపోయే స్విచ్చు), షాకు కొడితే తెంపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, 16 ఆంపియర్ల సాకెట్టు పెట్టించండి. 3 కిలోవాట్ల చార్జరు గంటల తరబడి 13 ఆంపియర్లు లాగుతూనే ఉంటుంది. మిక్సీ పెట్టుకునే ప్లగ్గుకి అడాప్టరు తగిలించి నడిపితే ప్లాస్టిక్కు కరిగి వాసన వస్తుంది.

రాత్రిపూట చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లన్నీ ఒకేసారి వేస్తే మీ లైను మీద వోల్టేజీ పడిపోవడం కూడా ఉంటుంది. చెరువులకీ ఇంటికీ ఒకే ట్రాన్స్‌ఫార్మరైతే పగటిపూట పెట్టి చూడండి. ఇంకోమాట, ఎర్తు దాటేసి చార్జరుని మోసం చేసే అడాప్టర్లు అమ్ముతారు. తడి నేల మీద చెప్పుల్లేకుండా తిరిగే ఇల్లు మీది. చెరువు గట్ల మీద మోటారు షాకుకి మనుషులు పోవడం మీరు చూడని సంగతా?

ప్రశ్న: కోతలయ్యాక ఎలకలు కారులో చేరి వైర్లు కొరికేశాయండీ. ఇంజను దీపం వెలిగింది, ఏసీ పోయింది. కొని ఏడాది కూడా కాలేదు. వారంటీ వస్తుందా?
– ఒక పాఠకుడు, అత్తిలి

జవాబు: వారంటీ రాదు. ఎలక కొరకడం తయారీ లోపం కాదు కదండీ. ఫుల్ ఇన్సూరెన్సు ఉంటే అడగండి. కొన్ని పాలసీలు ఇస్తాయి, కొన్ని మినహాయిస్తాయి, మీ పాలసీ కాగితంలో చూసుకోవాలి. ఏదైనా ముట్టుకోకముందు ఫోటోలు తీసి, వాళ్లకి ఫోను చేసి, సర్వేయరు చూశాకే రిపేరు. ముందే బాగు చేయించేసి బిల్లు పట్టుకెళ్తే గోడకి చెప్పుకున్నట్టే.

తెగిన వైర్లు మెలిపెట్టి టేపు చుట్టడం వద్దు. టంకం వేసి, వేడికి బిగుసుకునే గొట్టం తొడిగించండి. పసుపు రంగు కప్లర్లున్న వైర్లు ఎయిర్‌బ్యాగువి, అవి తెగితే అతుకు పనికిరాదు, మొత్తం మార్చాల్సిందే. ఎలకల మందు బానెట్‌లో పెట్టకండి. తిని ఏసీ గొట్టంలోకి వెళ్లి చచ్చిందంటే ఆ వాసనతో మీరు బండి ఎక్కలేరు. గడ్డిమేటు పక్కనుంచి కారుని తీసి, ఖాళీ నేల మీద పెట్టడం అన్నిటికన్నా మేలు. కారులో పిల్లలు తిని పడేసిన బిస్కట్లు ఏరేయించండి.

ప్రశ్న: తొమ్మిది లక్షలు పోసి కారు కొన్నాను. మొదటి నెల నుంచీ తెర దానంతటదే ఆరిపోతుంది, అద్దాలు సగంలో ఆగుతాయి, వెనక కెమెరా ఒకరోజు వస్తే రెండ్రోజులు రాదు. షోరూం చుట్టూ తిరిగి చెప్పులరిగాయి. కొత్త కారు ఇమ్మని కేసు వేయొచ్చా?
– ఒక వ్యాపారి, తణుకు

జవాబు: వేయొచ్చు. కానీ కొత్త కారు చేతికొస్తుందని ఆశ పెట్టుకుని వేయకండి. లోపం ఉన్న భాగాన్ని మార్చి బాగుచేయగలిగినప్పుడు కారు మొత్తం మార్చమనడం కుదరదని 2006లో సుప్రీంకోర్టు ఒక క్లచ్చు గొడవలో తేల్చింది. ఉచితంగా బాగుచేయించడం, తిప్పినందుకు నష్టపరిహారం, ఖర్చులు రావడానికి అవకాశం ఎక్కువ. ఎన్ని భాగాలు మార్చినా లోపం పోవడం లేదని రుజువు చేయగలిగితే కథ వేరు, అప్పుడు మార్పిడో, డబ్బు వాపసో అడగడానికి బలం ఉంటుంది.

ఆ రుజువు మీ మీదే ఉంటుంది, అదే చిక్కు. మీరు రాసిన మూడు లోపాలూ వచ్చి పోయే రకం. షోరూంకి తీసుకెళ్లేసరికి పిల్లిలా కూర్చుంటుంది బండి. వాళ్లు "లోపం కనబడలేదు" అని రాసి పంపేస్తారు. అందుకని తెర ఆరినప్పుడల్లా వీడియో తీయండి, కిలోమీటర్ల రీడింగు కూడా అందులో పడాలి. జాబ్ కార్డు నకలు అడిగి తీసుకోండి, ఇవ్వకపోతే ఈమెయిల్లో ఫిర్యాదు రాయండి. డీలరుకే కాదు, తయారుచేసిన కంపెనీకి కూడా అదే ఉత్తరం పోవాలి. మూడు లోపాలూ మూడు చోట్ల ఉన్నట్టు కనబడినా, నా అనుభవం మీద చెబుతున్నాను, ఇలాంటివి ఒకే ఎర్తు బోల్టు దగ్గరో, సరిగ్గా లాక్ పడని ఒకే కప్లరు దగ్గరో తేలుతుంటాయి. ఈ మూడింటికీ కలిసే ఎర్తు ఏదో వైరింగు బొమ్మలో చూసి విప్పమని లిఖితపూర్వకంగా అడగండి. కేసుకన్నా ముందు ఇది.

అప్పటికీ కదలకపోతే 1915 నంబరుకి ఫోను చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. కొన్ని గొడవలు అక్కడే తెగుతాయి. తెగకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళ్లండి. చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లాలోనే వేయాలి. ఈ చట్టం వచ్చాక మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడో ఉందని అక్కడికి పోనక్కర్లేదు. తొమ్మిది లక్షల కారుకి ఫీజు 200 రూపాయలు. వకీలు లేకుండా మీరే మాట్లాడుకోవచ్చు. గడువు రెండేళ్లు, "ఈసారి బాగు చేస్తాం సార్" అన్న మాటతో అది కరిగిపోనివ్వకండి. లోపం పైకి కనబడేది కాకపోతే కమిషన్ దాన్ని పరీక్షకి పంపొచ్చు. కాబట్టి ఆ లోపు బయటి మెకానిక్ చేత బండి విప్పించకండి. కంపెనీ వాళ్లకి అదొక్కటి దొరికితే చాలు.

ప్రశ్న: రావులపాలెంలో మా కొత్త కారు బ్యాటరీ దిగిపోయింది. పక్కనే అరటి గెలల లారీ ఉంది. డ్రైవరు కేబులిచ్చి స్టార్ట్ చేస్తానన్నాడు. మా నాన్న వద్దన్నారు. ఎవరిది రైటు?
– ఒక కాలేజీ విద్యార్థి, కొత్తపేట

జవాబు: మీ నాన్న గారికి నా నమస్కారం చెప్పు బాబూ. లారీది 24 వోల్టులు, మీ కారుది 12. ఆ కేబులు కలిపుంటే మీ బండి కంప్యూటర్లు కాలిపోయే ప్రమాదం ఉండేది, కాలితే వారంటీ కూడా వచ్చేది కాదు. ఇంకో కారు గానీ, 12 వోల్టుల ట్రాక్టరు గానీ అయితే ఫర్వాలేదు. ఎర్ర క్లిప్పు ముందు మీ బ్యాటరీ పాజిటివ్‌కి, రెండో కొస వాళ్ల పాజిటివ్‌కి. నల్లది వాళ్ల నెగెటివ్‌కి పెట్టి, చివరి కొస మీ బ్యాటరీకి కాకుండా మీ ఇంజను మీద రంగు లేని లోహానికి పట్టించాలి. బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ రేగకుండా ఉండటానికి ఒకటి, కొత్త కార్లలో నెగెటివ్ మీద కరెంటు లెక్కపెట్టే సెన్సరు ఉంటుంది కాబట్టి రెండు. స్టార్టయ్యాక తీసేటప్పుడు వరస తిరగేయి, అంటే మీ ఇంజను మీది నల్ల క్లిప్పు మొట్టమొదట రావాలి.